తెల్ల బంతి ఆగిన చోటు

నాకు ముప్పై ఒకటి. రిటైరయ్యానని చెబితే నంద్యాలలో ఎవరూ నమ్మరు. మా వీధిలో పెన్షన్ తీసుకునే పెద్దాయన ఒకరున్నారు. "నా సైకిలుకు నీకంటే వయసెక్కువ పాపా, అదింకా తిరుగుతానే ఉంది" అన్నారు. సైకిలుకు నడుము ఉండదు. నాకుంది. పదిహేడో ఏట నుంచి పద్నాలుగేళ్ళు పూల్ టేబుళ్ళ మీదికి వంగి పిల్లలకు ఆట నేర్పాను. కొన్నాళ్ళ కిందట డాక్టరు ఎక్స్‌రేను దీపానికి ఎత్తి చూసి, వంగడం మానేయమన్నాడు. పూల్ నేర్పేవాళ్ళకు వంగకుండా చేసే పని ఏదీ లేదు. ఇప్పుడు ఒక కాలేజీ లైబ్రరీలో పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే పనిలో ఉన్నాను. నాకు బాగా సరిపోయిన ఉద్యోగం. అక్కడ గట్టిగా మాట్లాడటం నేరం.

నా తర్వాత నేర్పడానికి ఇద్దరు కొత్తవాళ్ళు వచ్చారు. "అక్కా, ఏం చేయాలో చెప్పు" అన్నారు. ఎదురుగా ఇద్దరుంటేనే నా గొంతు సగం లోపలికి పోతుంది. రాసిస్తానన్నాను. చిన్నప్పటి నుంచి డైరీ అలవాటు ఉంది కాబట్టి అది నాకు కష్టం కాదు. క్యూ ఎలా పట్టాలి, ఎడమ చేతిని టేబుల్ మీద ఎలా ఆనించాలి అనేవి ఫోనులో వీడియోలు చూసినా తెలుస్తాయి. వాటిలో దొరకనివే రాస్తున్నాను.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఆరు జేబులున్న బల్ల, దాని మీద బిగించిన ఉన్ని గుడ్డ, రంగు బంతులు, ఒక తెల్ల బంతి. క్యూ అనే కర్రతో తెల్ల బంతినే కొట్టాలి. అది వెళ్ళి రంగు బంతిని జేబులో వేయాలి. చూసేవాళ్ళు రంగు బంతి పడిందా లేదా అని చూస్తారు. ఆడేవాళ్ళు తెల్ల బంతి ఎక్కడ ఆగిందో చూస్తారు. తర్వాతి దెబ్బ అక్కడి నుంచే కొట్టాలి మరి.

మా నాయన ఓడిన ఆటలు

మా నాయన ఒక ఆఫీసర్ల క్లబ్బులో మార్కరు. టేబుల్ గుడ్డను బ్రష్‌తో దువ్వడం, క్యూలకు సుద్ద పట్టించడం, స్కోరు రాయడం ఆయన పని. ఏ ఆఫీసరుకైనా జోడీ దొరకకపోతే ఆయనతో ఆడటం కూడా పనిలో భాగమే. ఆ ఆటకో పద్ధతి ఉండేది. దాన్ని ఏ రూల్సు పుస్తకంలోనూ రాయలేదు.

"మరీ చిత్తుగా ఓడితే సారుకు ఆడినట్టుండదు" అనేవాడు నాయన. "గెలిస్తే మనకు పని ఉండదు. ఆఖరి బంతి దాకా తీసుకపోయి, ఆడ వదిలెయ్యాల."

అంత కొలిచి ఓడాలంటే ఎంత ఆట వచ్చి ఉండాలో నాకు పెద్దయ్యాకే అర్థమైంది. క్లబ్బు మూసి ఉండే మధ్యాహ్నాల్లో నాకు ఆయనే నేర్పాడు. అప్పుడు మటుకు ఒక్క బంతి వదిలేవాడు కాదు.

పదహారేళ్ళప్పుడు కర్నూలులో నా మొదటి పోటీ. నాకంటే చాలా పెద్దావిడ, చీర కొంగు నడుముకు చుట్టి ఆడుతోంది. చివరి బంతి జేబు అంచున వేలాడుతోంది. ఊదితే పడుతుంది. నేను కొట్టాను, పడలేదు. ఆవిడ గెలిచింది. నాయనతో తిరుగు ప్రయాణం. పాణ్యంలో బస్సు ఆగింది. టీ గ్లాసు నా చేతికిస్తూ అడిగాడు.

"కావాలనే వదిలితివి గదా?"

"లేదు నాయనా."

"నాకు తెలీదా? అది నా చెయ్యే."

నేను కావాలని వదల్లేదు. కానీ ఆయన చెప్పింది నిజం. పెద్దవాళ్ళ ముందు ఆఖరి బంతిని వదిలేయడం ఆయన చేతిలోంచి నా చేతిలోకి వచ్చేసింది. ఆ టీ అంత చేదు టీ నేను మళ్ళీ తాగలేదు.

మన దేశంలో చిన్న వయసులో ఛాంపియన్లు ఎలా తయారవుతారని పేపరువాళ్ళు అప్పుడప్పుడూ అడుగుతారు. ఎందుకు తయారు కారో నేను ముందు చెబుతాను. మనవాళ్ళు ఆట నేర్పేటప్పుడు అణకువను కూడా కలిపి నేర్పుతారు. పెద్దవాళ్ళు వస్తే టేబుల్ వదలాలి, మేష్టారిని ఓడించకూడదు, సారు మంచి దెబ్బ కొడితే చప్పట్లు కొట్టాలి. పోటీలో ఎదురుగా నిలబడ్డ మనిషి కూడా ఏదో ఒక విధంగా పెద్దమనిషే అవుతాడు. ఇక పిల్ల ఎలా గెలుస్తుంది? మీ దగ్గరికి వచ్చిన పిల్లతో మొదటి నెలలోనే మీరు పోటీగా ఆడండి. ఆఖరి బంతి దగ్గర తన చేయి చూడండి. వదిలేస్తే, క్యూ పట్టడం తర్వాత నేర్పొచ్చు, ముందు ఆ రోగం కుదర్చండి. నన్ను మొదటిసారి ఓడించిన ప్రతి పిల్లకూ పిల్లవాడికీ నేను జిలేబీ కొనిపెట్టాను. కొందరు దాని కోసమే గెలిచారు. అయినా పర్వాలేదు.

కూలర్ కస్టమర్లకు, ఫ్యాన్ పిల్లలకు

నాకు పనిచ్చింది సుబ్బన్న. నంద్యాలలో ఆయనకు ఐదు టేబుళ్ళ హాలు, ఆళ్ళగడ్డలో ఎరువుల అంగడి పైన రెండు టేబుళ్ళ హాలు ఉన్నాయి. పొద్దున ఖాళీగా ఉండే గంటల్లో పిల్లలకు నేర్పుతానని నోటితో అడగలేక, కాగితం మీద రాసి ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఏందిది, అర్జీనా? నేనేమన్నా కలెక్టర్నా?"

నేను కాగితం వైపే వేలు చూపించాను.

"నోరుందా నీకు? ఉంటే చెప్పు. ఆరు నుంచి తొమ్మిది దాకా నీది. ఒక టేబులు. లైటు ఆ టేబులు మీదే ఎయ్యి. ఫ్యాన్ ఏసుకో. కూలర్ జోలికి పోవద్దు. కూలర్ కస్టమర్లకు, ఫ్యాన్ పిల్లోళ్ళకు."

సుబ్బన్న మోటు మనిషి. కానీ పద్నాలుగేళ్ళలో ఒక్క పొద్దున కూడా తలుపు తాళం నా చేతికి అందకుండా చేయలేదు. పూల్ హాలు అంటే జులాయిల అడ్డా అని ఊరంతా అనుకునే చోట, ఆడపిల్లలు వస్తున్నారని మెట్ల దగ్గర బీడీలు కాల్చేవాళ్ళను తరిమేవాడు. మన దేశంలో ఈ ఆటను బతికించింది ఇలాంటి మనుషులే అని నా అభిప్రాయం. పతకం వచ్చాక శాలువా కప్పడానికి వచ్చేవాళ్ళలో పొద్దున ఆరింటికి తలుపు తీసినవాళ్ళు నాకు ఎవరూ కనబడలేదు.

ఒక టేబులు, ఐదుగురు పిల్లలు. ఒకరు ఆడుతుంటే నలుగురు గోడకు ఆనుకుని నిలబడేవాళ్ళు. మొదట్లో దానికి బాధపడేదాన్ని. తర్వాత తెలిసింది, వాళ్ళు నేర్చుకునేది అప్పుడేనని. వంతు కోసం కాచుకునే పిల్ల ఊరికే నిలబడదు. ఆ దెబ్బ తనైతే ఎలా కొట్టేదో లోపల కొడుతూనే ఉంటుంది. ఒక్కొక్కరికి ఒక్కొక్క టేబులున్న పెద్ద ఊళ్ళ పిల్లలను నేను చూశాను. వాళ్ళు ఎక్కువ కొడతారు, తక్కువ చూస్తారు.

ఇక్కడే నా మొదటి పొరపాటు కూడా ఉంది. సాయంత్రం ఆడే కస్టమర్లు అప్పుడప్పుడూ సుబ్బన్నతో, "ఏమన్నా, టేబులు బరువైంది, బంతి పోవట్లా" అనేవాళ్ళు. ఓడినవాళ్ళ సాకులని నేను నవ్వుకునేదాన్ని. సాయంత్రం హాలులో ఏముంటుంది, పొద్దున ఏముండదు అని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. పుస్తకాలు చదివే అలవాటున్నవాళ్ళకు ఒక జబ్బుంటుంది: అచ్చులో లేనిదాన్ని లెక్కలోకి తీసుకోరు.

బెంచీ పక్కన కూర్చున్న పిల్ల

వారానికి మూడు రోజులు ఆళ్ళగడ్డకు మొదటి బస్సులో వెళ్ళేదాన్ని. ఒక పొద్దున హాలులో బెంచీల పరుపులు మార్చడానికి హుసేనప్ప వచ్చాడు. దూదేకులవాళ్ళు. ఊళ్ళో పరుపులు కుట్టే షెడ్డు ఆయనది. వెంట పదకొండేళ్ళ కూతురు దస్తగిరమ్మ. అందరూ గిరి అనేవాళ్ళు. దారపు ఉండ ఒళ్ళో పెట్టుకుని బెంచీ పక్కన నేల మీద కూర్చుని, కళ్ళు టేబుల్ అంచుకు సరిగ్గా ఆనేలా మెడ చాచి చూస్తోంది.

నా దగ్గర నేర్చుకునే పిల్లవాడు ఒకడు కొట్టబోతుంటే అంది, "పడదు."

పడలేదు.

"నీకెట్ల తెలుసు?" అన్నాడు వాడు కోపంగా.

"నాకు ఈడ్నుంచి సందు కనిపిస్తాంది. నీకు పైనుంచి కనిపించట్లా."

హుసేనప్ప సూది పంటి కింద పెట్టుకునే అరిచాడు. "ఏయ్, దారం చూడు. వాళ్ళ పని వాళ్ళు చేస్కుంటారు."

నేను ఆ పిల్ల చేతికి క్యూ ఇచ్చాను. ఏమీ చెప్పలేదు. అది తన కంటే ఎత్తుగా ఉంది. రెండో దెబ్బకు బంతి పడింది. మూడో దెబ్బకు ముందు గిరి టేబుల్ చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని గుడ్డ అంచు నుంచి చూసింది. అలా చూడటం నేను ఎవరికీ నేర్పలేదు.

హుసేనప్ప ఒప్పుకోవడానికి మూడు నెలలు పట్టింది. "జూదమా?" అని అడిగాడు. కాదన్నాను. "ఉద్యోగమొస్తాదా?" అన్నాడు. స్పోర్ట్స్ కోటా ఉందని చెప్పాను గానీ, వస్తుందని మాటివ్వలేదు. మీరూ ఇవ్వొద్దు. చివరికి ఆయన, "పొద్దున బడికి ముందర గదా, సరే. మాట పడే పని మటుకు చెయ్యొద్దు" అన్నాడు. ఆ మాట పడేలా చేసింది చివరికి నేనే.

ఒక జానెడు

రెండేళ్ళ తర్వాత కాకినాడలో రాష్ట్ర జూనియర్ పోటీలు. గిరికి పదమూడు. మా వైపు నుంచి ఒకే ఆడపిల్ల. ఆళ్ళగడ్డలో ఆ ఏడు తను కొట్టిన దెబ్బలన్నీ నా నోటుపుస్తకంలో ఉన్నాయి. గెలిచి తీరుతుందని నాకు గట్టి నమ్మకం. శ్రావణమాసం. రైలు దిగేసరికి సన్నగా వాన, ఒంటికి అంటుకునే గాలి.

ఆట ఎవరు మొదలుపెట్టాలో తేల్చడానికి ఇద్దరూ ఒకేసారి తలా ఒక బంతి కొడతారు. అది బల్ల అవతలి అంచుకున్న రబ్బరు గట్టుకు తగిలి తిరిగి రావాలి. ఎవరి బంతి ఇవతలి గట్టుకు దగ్గరగా ఆగితే వాళ్ళది మొదటి దెబ్బ. దీన్ని లాగ్ అంటారు. గిరికి ఇది ఆటే కాదు. వేలెడు దూరంలో ఆపేది, కళ్ళు మూసుకుని కూడా. ఆ రోజు బంతి అవతలికి వెళ్ళి, తిరిగి వస్తూ వస్తూ, ఇవతలి గట్టుకు జానెడు ముందే ఆగిపోయింది.

తర్వాత ప్రతి దెబ్బా అలాగే. బంతి జేబు నోటి దాకా వెళ్ళి నిలిచిపోయేది. తెల్ల బంతి తను అనుకున్న చోటికి చేరేదే కాదు. మొదటి మ్యాచిలోనే ఓడిపోయింది. నేను కుర్చీలో కూర్చుని, తల వంచి, నోటుపుస్తకంలో రాసుకున్నాను: "చేయి ముడుచుకుంటోంది. భయం. గుండె చాలదు."

రాసుకుని ఊరుకున్నా బాగుండేది. ఆళ్ళగడ్డ చేరాక బస్టాండులో హుసేనప్ప అడిగాడు, "ఏమైంది?" నోట మాట రాని నాకు ఆ ఒక్క మాట మటుకు సులువుగా వచ్చింది.

"ఆట ఉందప్పా. గుండె లేదు."

గిరి పక్కనే ఉంది. సంచి భుజం మార్చుకుంది.

మర్నాటి నుంచి హాలుకు రాలేదు. వారమైంది, రెండు వారాలైంది. బస్టాండులో నేనన్న మాట టీ అంగడి నుంచి బడి దాకా వెళ్ళిందని తర్వాత తెలిసింది. బడిలో పిల్లలు తనను "గుండె లేని గిరి" అంటున్నారట.

కొత్తగా వచ్చినవాళ్ళు ఇది గుర్తుంచుకోండి. పిల్ల ఓడినప్పుడు కారణం తెలియకపోతే తెలియదని చెప్పండి. భయమనే మాట చాలా తేలిక. ఏ ఓటమికైనా అతుకుతుంది. దాన్ని అతికించిన రోజున మీ పని ఆగిపోతుంది, పిల్ల పని మొదలవుతుంది: జీవితమంతా దాన్ని పీక్కోవడం.

బూరుగ దూది

గిరి క్యూ హాలులోనే ఉండిపోయింది. దాన్ని ఇచ్చే నెపంతో షెడ్డుకు వెళ్ళాను. నల్లమల మీద మబ్బు దిగి రెండు రోజులుగా ముసురు. మా వైపు అలాంటి ముసురు ఏడాదికి నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ కరెంటు ఉండదు కాబట్టి హాలు తెరవం.

షెడ్డులో హుసేనప్ప ఒక గిరాకీతో వాదిస్తున్నాడు.

"పెండ్లి ఎల్లుండప్పా. ఇప్పుడు కాదంటే ఎట్ల?" అంటున్నాడు ఆ గిరాకీ.

"పెండ్లన్నా ఆపుకో, చాప మీదన్నా పండుకోమను. ఈ గాలికి నేను దూది ఏకను."

"వాన బయట పడ్తాంది. లోపలున్న నీ దూదికేమైంది?"

"వాన బయటుంది, గాలి లోపలికి రాలేదా? ఇదో, పట్టుకో." హుసేనప్ప బూరుగ దూది ఒక దోసెడు తీసి ఆయన చేతిలో పెట్టాడు. "మొన్నటికీ ఈ పొద్దుకీ ఎంత బరువెక్కిందో నా చెయ్యి చెప్తాది. నీళ్ళు తాగింది. ఇప్పుడు కుడితే ఉండలు కడతాది. పొద్దున్నే నీ అల్లుడు నడుం పట్టుకోని నా మీదికొస్తాడు. రెండెండలు తగలనీ, తొందరగా కుట్టిస్తా."

గిరాకీ గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. నేను క్యూ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. బరువెక్కింది. టేబులు బరువైంది. సాయంత్రం, నీళ్ళు పోసిన కూలర్ వేశాక. సముద్రం పక్క ఊరు.

"అప్పా, ఉన్ని గుడ్డ కూడా తాగుతుందా?"

"ఉన్నినా? దూది తాగినంత తాగి ఇంకా రోంత అడుగుతాది. యాలా?"

చెప్పాను. మా టేబుల్ మీద ఉన్నది ఉన్ని గుడ్డేనని, మేము ఆడేది పొద్దున, పొడి గాలిలో, ఫ్యాన్ కిందనేనని, కాకినాడలో గాలి ఒంటికి అంటుకుందని, బంతి జానెడు ముందే ఆగిందని. అంత పొడుగున నేను ఎవరితోనూ మాట్లాడి ఉండను. హుసేనప్ప చేతిలో దూది కింద పెట్టేశాడు.

"అంటే టేబులు వల్ల బంతి పోలేదు."

"అవును."

"నా బిడ్డ వల్ల కాదు."

"కాదు."

"మరి గుండె ల్యాదంటివే?"

"తప్పైందప్పా."

"నాకేం చెప్తాండావ్? లోపలుంది. దానికి చెప్పు."

గిరి లోపల పరుపు అంచులు కుడుతోంది. నేను పక్కన కూర్చున్నాను. "తప్పు నాది గిరీ. నువ్వు సరిగ్గానే కొట్టావు. గాలి సంగతి నాకు తెలియలేదు."

తను సూది ఆపలేదు. "టేబులు బరువుగా ఉందని నాకు అప్పుడే అనిపించిందక్కా."

"చెప్పలేదేం?"

"మధ్యలో నీ దిక్కు చూస్తి. నువ్వు తల వంచుకోని రాస్తాంటివి."

ఆ రోజు డైరీలో నేను ఏమీ రాయలేదు.

బయటికి వచ్చాక హుసేనప్ప అన్నాడు, "ఇంకొక్క తూరి పంపిస్తా. వచ్చే ఏడు కూడా అదే ఊర్లో అంటాండారు గదా. ఆడ ఆ మొదటి బంతి మళ్ళా జానెడు దూరంలో ఆగితే, మీ ఆటకొక దండం. అది సూది పట్టుకుంటాది, నువ్వు ఈ షెడ్డు దిక్కు రావద్దు. ఆగకపోతే నేను నోరెత్తను."

నా ఫోటోకు దండ

కూలర్ కావాలని సుబ్బన్నను అడిగాను. ఈసారి కాగితం రాయలేదు.

"ఉక్కపోస్తాందా?" అన్నాడు.

"టేబులుకు తడి గాలి కావాలన్నా. కిటికీలు మూసి, కూలర్ పెట్టి నేర్పాల."

ఆయన కుర్చీలోంచి లేచాడు. "పిచ్చి పట్టిందా? గుడ్డ చెడిపోతే? ఆ గుడ్డ యాడ్నుంచి వస్తాదో తెల్సా నీకు?"

"చెడిపోకుండా నేను చూసుకుంటా. తొమ్మిదింటికి కిటికీలు తెరిచి ఆరబెట్టి, బ్రష్ కొట్టి పోతా."

నేను ఎదురు మాట్లాడగా ఆయన వినడం అదే మొదటిసారి. మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు. "సరే. ఆ పిల్ల గెలిస్తే గోడకు ఫోటో కట్టిస్తా. గుడ్డ చెడిపోయిందనుకో, నీ ఫోటో కట్టిస్తా. దండేసి."

ఆ ఏడాదంతా వారానికి రెండు పొద్దులు తడి గాలిలో, ఒక పొద్దు పొడి గాలిలో. తడి రోజు బంతికి ఎంత బలం ఎక్కువ కావాలో కొలిచి రాసుకున్నాం. హుసేనప్ప ఒకసారి మెట్లెక్కి వచ్చి, టేబుల్ గుడ్డ మీద అరచేయి పరిచి, తర్వాత బొటనవేలితో చూపుడువేలి కొస రుద్ది, "ఊఁ, తాగింది" అని చెప్పి దిగిపోయాడు. గిరి ఆ చేతినే చూస్తూ నిలబడింది. దాన్ని నేను పట్టించుకోలేదు. కొలతలు రాసుకుంటున్నాను.

మళ్ళీ కాకినాడ

ఈసారీ అదే వాన, అదే గాలి. హాలు వేరే, కొత్తది. లోపలికి వెళ్ళే ముందు మెట్ల మీదే గిరికి చెప్పాను, "కూలర్ రోజుల్లో కొట్టినట్టే. లాగ్ గట్టిగా కొట్టు." తను తలూపింది.

తాడు ఇవతల కోచ్‌ల కుర్చీలు. ఆట మొదలయ్యాక అక్కడి నుంచి ఒక్క మాట మాట్లాడకూడదు, సైగ కూడా చేయకూడదు. ఆ రోజు నా ఒళ్ళో నోటుపుస్తకం లేదు. సంచిలోనే ఉంచాను. అందుకే కాబోలు, కూర్చున్న రెండు నిమిషాలకు మోచేతుల మీద చలి తెలిసింది. తలెత్తాను. నాలుగు గోడలకూ ఏసీలు. గాలి మా మార్చి నెల గాలిలా పొడిగా ఉంది. బయటి వానకూ ఈ టేబుల్‌కూ సంబంధమే లేదు. నేను చెప్పినట్టు గట్టిగా కొడితే బంతి ఇవతలి గట్టుకు గుద్దుకుని వెనక్కి పోతుంది. జానెడు కాదు, మూరెడు పోతుంది.

జన్మలో మొదటిసారి అరవాలనిపించింది. అరిస్తే రిఫరీ గిరికే తప్పు వేస్తాడు. రెండు చేతులూ కుర్చీ కింద పెట్టుకుని కూర్చున్నాను.

గిరి బంతి పెట్టుకుంది. వంగబోయి, ఆగింది. క్యూ ఎడమ చేతికి మార్చి, కుడి అరచేయి గుడ్డ మీద పరిచింది. బొటనవేలితో చూపుడువేలి కొస రుద్దుకుంది. గోడ మీది ఏసీ వైపు చూసింది. తర్వాత ఒక్క క్షణం నా వైపు. నేను తననే చూస్తున్నాను. ఏ సైగా చేయలేదు. తను దేనికోసమూ ఆగలేదు. వంగి, ఆళ్ళగడ్డ పొద్దుల్లో ఫ్యాన్ కింద కొట్టినంత మెత్తగా కొట్టింది.

బంతి వెళ్ళింది, అవతలి గట్టును ముద్దు పెట్టుకున్నట్టు తాకింది, తిరిగి వచ్చి, ఇవతలి గట్టుకు రెండు వేళ్ళ దూరంలో నిలిచింది.

ఎదురుగా ఆడుతున్నది కాకినాడ పిల్లే. తడి టేబుళ్ళ మీద పెరిగిన చేయి. అదే క్షణంలో తనూ అలవాటు కొద్దీ గట్టిగా కొట్టింది. బంతి గట్టుకు తగిలి జానెడు వెనక్కి పోయి ఆగింది. ఆ పిల్ల కోచ్ నా పక్క కుర్చీలోనే ఉన్నాడు. తల వంచి పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

మ్యాచ్ గిరి గెలిచింది. అందరూ లేస్తుంటే నేను ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆయన ఎవరో నాకు తెలియదు. అయినా మాట బయటికి వచ్చింది.

"సార్, ఏసీ వల్ల గుడ్డ ఎండిపోయింది. బంతి అందుకే ఎక్కువ పోయింది. పాప తప్పేం లేదు. తనతో ఏమీ అనకండి."

ఆయన నన్నూ, ఏసీనీ, మళ్ళీ నన్నూ చూశాడు. పుస్తకంలో రాసినదాన్ని కొట్టేశాడు. పద్నాలుగేళ్ళలో నేను చేసిన మంచి పనుల్లో అదొకటని నా లెక్క.

మర్నాడు సాయంత్రం గిరి చేతికి కప్పు ఇచ్చారు. సుబ్బన్న మాట నిలబెట్టుకున్నాడు. ఆ ఫోటో ఇప్పటికీ ఎరువుల అంగడి పైన గోడకు ఉంది, దండ లేకుండా. ఆ సాయంత్రమే నేను హుసేనప్పకు ఫోన్ చేశాను. వెనక దూది ఏకే మిషను మోగుతోంది.

"కప్పు గెలిచిందప్పా."

"కప్పు సరే. మొదటి బంతి యాడ ఆగె?"

"గట్టుకు రెండు వేళ్ళ దూరంలో."

"గాలి?"

"పొడి గాలప్పా. లోపల ఏసీలు. నాకు తెలీక గట్టిగా కొట్టమని చెప్పినా."

"మరి?"

"తను గుడ్డ మీద చెయ్యి పెట్టి చూసుకుంది. నా మాట వినలేదు."

మిషను ఆగింది.

"నువ్వేం చేస్తాంటివి అప్పుడు?"

"కుర్చీలో కూర్చున్నా."

"మంచి పని చేసినావు" అన్నాడు హుసేనప్ప. "కూర్చోమ్మా. నడుం నొప్పంటాంటివి గదా."